సున్నా కూడా జవాబే

రామన్నపేట బీబీనగర్–నడికుడి రైలు మార్గం మీద ఒక స్టేషను. ఒకప్పుడు నల్లగొండ జిల్లాలో తాలూకా కేంద్రం, తర్వాత మండల కేంద్రం. 2016 అక్టోబరులో జిల్లాలు విడగొట్టినప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వెళ్ళింది. ఈ పాటి ఊళ్ళలోని సర్కారు దవాఖానల్లో ఏయే జబ్బులు కనిపిస్తున్నాయో, ఏ మందులు పనిచేస్తున్నాయో తెలుసుకోవాలనుకునేవాళ్ళు ఇప్పుడు చేసేది ఒకటే. ఒక ఆన్‌లైన్ ఫారం తయారుచేసి, దాని లింకును డాక్టర్ల వాట్సాప్ గ్రూపుల్లో వేస్తారు. వారం తర్వాత చూస్తే జవాబులు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే ఉంటాయి. ఇక మొదలవుతుంది పాత పాట: డాక్టర్లకు తీరిక లేదు, స్పెషలిస్టులకైతే అసలే లేదు, ఉన్నా మనకు చెప్పరు. ఈ ఫిర్యాదు ఇంటర్నెట్‌తో పుట్టింది కాదు, దాని వయసు నూట ముప్పై ఏళ్ళకు పైమాటే. ఆ చరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయం మన హైదరాబాదులోనే మొదలైంది. దాన్ని తిరగేస్తే నాకు కనిపించేది వేరు. వైద్యులు జవాబు చెప్పిన సందర్భాలు తక్కువేమీ కాదు. వాళ్ళు మౌనంగా ఉన్న చోట తప్పు చాలావరకు అడిగిన తీరులోనే ఉంది.

1885లో ఎడ్వర్డ్ లారీ రెసిడెన్సీ సర్జనుగా హైదరాబాదు వచ్చాడు. 1846లో పెట్టిన హైదరాబాద్ మెడికల్ స్కూలు ఆయన చేతికిందికి వచ్చింది. ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ దగ్గర శస్త్రవిద్య నేర్చుకున్నవాడు కనుక, క్లోరోఫారం ఇచ్చేటప్పుడు రోగి ఊపిరిని చూస్తే చాలు, నాడిని పట్టించుకోనక్కర లేదన్నది ఆయనకు గురువు నుంచి వచ్చిన నమ్మకం. గ్లాస్గోలో కూర్చున్న ఒక కమిటీ అంతకు ముందే క్లోరోఫారం గుండెను కూడా దెబ్బతీస్తుందని చెప్పింది. లారీ దాన్ని ఒప్పుకోలేదు. 1888లో నిజాం ప్రభుత్వ ఖర్చుతో మొదటి క్లోరోఫారం కమిషన్ కూర్చుని, నూటికి పైగా కుక్కల మీద ప్రయోగాలు చేసి, ఆయన మాటే నిజమని తేల్చింది. లండన్‌లోని లాన్సెట్ పత్రిక సందేహం వెలిబుచ్చింది. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం వెయ్యి పౌన్లు ఇచ్చి, మీ మనిషినే పంపండి, ఆయన కళ్ళముందే చేస్తాం అంది. వచ్చినవాడు థామస్ లాడర్ బ్రంటన్, మందుల శాస్త్రంలో ఆనాటి పెద్ద పేరు. 1889 అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్ళు కలిపి నాలుగు వందలకు పైగా జంతువుల మీద రెండో కమిషన్ పనిచేసింది. అక్కడ క్లోరోఫారం ఇచ్చినవారిలో రూపాబాయి ఫర్దూన్జీ ఒకరు. ప్రపంచంలో మత్తుమందు ఇవ్వడమే వృత్తిగా పెట్టుకున్న తొలి మహిళల్లో ఆమె పేరు చెబుతారు. గుండె మీద సందేహంతో వచ్చిన బ్రంటన్ కూడా, ప్రమాదం ఊపిరాడకపోవడం వల్లనే, గుండె నేరుగా ఆగడం వల్ల కాదని లండన్‌కు తంతి కొట్టాడు.

హైదరాబాదు కమిషన్ల గురించి రాసేవాళ్ళు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నిజాం దాతృత్వం, లారీ పట్టుదల, దక్కన్ నగరం పేరు లాన్సెట్‌లో మోగడం. అసలు ఆసక్తి కలిగించేది ఆ తర్వాత జరిగింది. కుక్కలు చెప్పింది ఒకటి, ఆసుపత్రుల్లో బల్లల మీద మనుషులు చనిపోతున్న తీరు ఇంకొకటి. రెండూ పొసగలేదు. అందుకని లాన్సెట్ ఈసారి జంతువులను వదిలి వైద్యులను అడగడం మొదలుపెట్టింది. బ్రిటన్‌లోనూ బయటా ఆసుపత్రులకు లేఖలు పంపి, మత్తుమందు కింద జరిగిన మరణాల వివరాలు తెప్పించింది. డడ్లీ బక్స్‌టన్ వాటిని కూర్చగా 1893లో నివేదిక వరసగా అచ్చయింది. హైదరాబాదు తేల్చినంత నిశ్చింతగా ఆ ఆసుపత్రుల లెక్కలు లేవు. నాడి ముందు పోయి, ఊపిరి తర్వాత పోయిన రోగులు అందులో ఉన్నారు. 1911లో గుడ్‌మన్ లెవీ, తక్కువ మోతాదు క్లోరోఫారం కూడా గుండె గదులను గిలగిల కొట్టుకునేలా చేసి ఉన్నట్టుండి చంపగలదని ప్రయోగంలో చూపించాడు. అంటే నిజాం ఖజానా ఖర్చుపెట్టి చేసిన ప్రయోగం తప్పిపోయిన చోట, తపాలా బిళ్ళల ఖర్చుతో వైద్యులను అడిగిన ప్రశ్న సరైన వైపు చూపించింది.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. తన బల్ల మీద రోగి చనిపోయిన వైద్యుడు ఆ సంగతి కాగితం మీద పెట్టి ఎందుకు పంపుతాడు? ఎవరూ చనిపోనివాడికి పంపడానికి సంగతే లేదు. ఇద్దరూ ఊరుకుంటే మిగిలేది గొప్పలు చెప్పుకునేవాళ్ళ, గొడవలు పెట్టుకునేవాళ్ళ జవాబులే. ఇది నిజమే, ఆనాటివాళ్ళకూ తెలుసు. బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ 1891లో వేసిన మత్తుమందుల కమిటీ అందుకే పద్ధతి మార్చింది. గడిచిపోయిన మరణాలను గుర్తుచేసుకుని రాయమనలేదు. ముందుగానే ఫారాలు పంచి, ఇకమీద ఇచ్చే ప్రతి మత్తునూ, బాగా జరిగినా చెడుగా జరిగినా, అప్పటికప్పుడు నమోదు చేయమంది. అలా పోగైనవి 25,920. చెడు ఒక్కటే రాయమంటే చెయ్యి ఆగుతుంది. పది మంచివాటి మధ్య వరసలో వచ్చే ఒక చెడును రాయడానికి అంత జంకు ఉండదు. మీ అనుభవంలో ఎదురైన ఇబ్బందులు తెలపండి అని నేటి ఫారాలు అడిగే ప్రశ్న ఆ కమిటీ వదిలేసిన పాత పద్ధతే. వందేళ్ళ కిందటి గుమాస్తాకు తెలిసిన సంగతి కంప్యూటరు మనిషికి ఇంకా తెలియలేదు.

వైద్యులను అడగడంలో అందరూ ఉదాహరణగా చెప్పేది 1951 నాటి రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ పని. ఆ ఏడు అక్టోబరు 31న బ్రిటన్ మెడికల్ రిజిస్టరులో ఉన్న 59,600 మందికి ఉత్తరం వెళ్ళింది. అందులో ప్రశ్నలు నాలుగైదుకు మించవు: పొగ తాగుతారా, మానేశారా, ఎంత, ఎప్పటినుంచి. కావాలనే చిన్నగా పెట్టామని వాళ్ళే రాశారు. 41,024 జవాబులు వచ్చాయి, వాటిలో 40,564 పనికొచ్చాయి. నూటికి అరవై ఎనిమిది. 29 నెలలు గడిచేసరికి ఆ డాక్టర్లలో 36 మంది ఊపిరితిత్తుల క్యాన్సరుతో చనిపోయారు. పొగ ఎక్కువ తాగినవారిలో ఆ చావులు ఎక్కువని 1954లో లెక్క తేలింది. ఆ ఫలితం వాళ్ళు చదివే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లోనే అచ్చయింది. అడిగినవాళ్ళు జవాబులు పట్టుకుని మాయం కాలేదు. తర్వాతి విడతల్లో మళ్ళీ అడిగినప్పుడు, బతికున్నవారిలో నూటికి తొంభై మందికి పైగా బదులిచ్చారు. అప్పటికి వాళ్ళ తీరిక పెరిగింది కాదు, అడిగినవాళ్ళ మీద నమ్మకం పెరిగింది. ఇంకో సంగతి ఇక్కడ గమనించాలి. డాల్ దగ్గర 59,600 అన్న అంకె ఉంది. ఎందరిని అడిగాడో తెలుసు కాబట్టి ఎందరు చెప్పలేదో తెలుసు. వాట్సాప్ గ్రూపులో పడేసిన లింకును ఎందరు చూశారో, ఎందరు చూసి వదిలేశారో ఎవరికీ తెలియదు. నూట యాభై జవాబులు వచ్చాయంటే అది దేనిలో నూట యాభై? భాగహారంలో కింది అంకె లేకుండా పై అంకెను చదవడం సర్వే కాదు, కుశలప్రశ్న.

ఇప్పుడు నల్లగొండకు రావాలి, ఎందుకంటే ఈ జిల్లా జబ్బు చరిత్రే అడగని ప్రశ్నల చరిత్ర. ఫ్లోరైడ్ నీళ్ళు ఎముకలను వంచుతాయని మన దేశంలో మొదట రుజువైంది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి షార్ట్, పండిట్ తదితరులు ఆ వ్యాసాలు రాశారు. నల్లగొండ ఫ్లోరోసిస్ మీద ఉస్మానియా ఆసుపత్రి వైద్యుడు ఏ.హెచ్. సిద్దిఖీ రాసిన వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది 1955లో. మధ్యలో పద్దెనిమిదేళ్ళు. పళ్ళ మీద గార, వంగని మెడ, లేవలేని నడుము ఆ పద్దెనిమిదేళ్ళలో పుట్టుకొచ్చినవి కావు. బావులు ఎప్పటివో, ఆ నీళ్ళు తాగినవాళ్ళూ అప్పటివాళ్ళే. తాలూకా దవాఖానాల్లో కూర్చున్న వైద్యులకు ఆ మనుషులు కనిపించకపోవడం అసంభవం. కాకపోతే వాళ్ళు చూసింది కీళ్ళనొప్పి, వాతం, పక్షవాతం. రోగి ఒక్కడుగా వస్తే డాక్టరుకు వెన్నెముక కనిపిస్తుంది, ఊరు కనిపించదు. అదే గార పళ్ళు అదే ఊళ్ళో వంద మందికి ఉన్నాయని తెలియాలంటే ఆ ఊరికి పోవాలి, లేదా పదిమంది డాక్టర్ల కాగితాలు ఒక బల్ల మీద పక్కపక్కన పెట్టాలి. నల్లగొండ విషయంలో జరిగింది మొదటిది. పట్నం డాక్టరు పల్లెకు పోయి చూశాడు. 1970ల్లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి కృష్ణమాచారి, కృష్ణస్వామి ఫ్లోరోసిస్ ప్రాంతాల్లో పిల్లల మోకాళ్ళు లోపలికి వంగిపోవడం గమనించి 1973లో లాన్సెట్‌లో రాసిందీ ఊళ్ళలో తిరిగే. నీళ్ళలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడును దించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు ఆ దశకంలోనే తయారుచేశారు. దానికి ప్రపంచమంతటా నల్లగొండ టెక్నిక్ అనే పేరు.

అయితే ఫారాలు దండగ, కాళ్ళతో తిరగడమే పని అని దీన్నుంచి తేల్చవచ్చా? అలా అనడం తేలిక, కానీ తప్పు. ఒక సిద్దిఖీ ఎన్ని ఊళ్ళు తిరగగలడు? మునుగోడు, మర్రిగూడ, నారాయణపురం, చౌటుప్పల్ వైపు ఊళ్ళన్నీ ఒక్క మనిషి చూడలేడు. నాకు తోచింది ఇది: ఫారం ముందు వెళ్ళి, మనిషి వెంట వెళ్ళాలి. ఫారంలో వాడే మాట కూడా ఆ డాక్టరు నోట, రోగి నోట ఉండే మాటై ఉండాలి. మీ దగ్గరకు అస్థి ఫ్లోరోసిస్ కేసులు వస్తున్నాయా అంటే వచ్చే జవాబు ‘లేదు’ అనే. గడ్డం ఛాతీకి ఆనించలేని నడివయసు మనుషులు ఈ నెలలో ఎందరు వచ్చారు, ఏ ఊళ్ళ నుంచి అంటే వచ్చేది అంకె, దాని పక్కన ఊరి పేరు. స్పెషలిస్టుకు తన శాస్త్రం మాటలో అడిగిన ప్రశ్న గౌరవంగా ఉంటుందేమో గానీ, జబ్బుకు పేరు పెట్టకముందే దాన్ని పట్టుకోవాలనుకునే ప్రశ్నకు ఆ గౌరవం అడ్డం.

డబ్బు ఇస్తే చెబుతారు అనేది ఇంకో వాదన. కొంతవరకు నిజం. ఉత్తరంతోపాటే కొద్దిపాటి డబ్బు ముందుగా పెడితే జవాబులు పెరుగుతాయని పడమటి దేశాల్లో చేసిన పరిశీలనలు చాలా చెప్పాయి. జవాబిచ్చాక ఇస్తామన్నదాని కంటే ముందే ఇచ్చింది ఎక్కువ పనిచేస్తుందని కూడా. మన దగ్గర దీని మీద ఒక నీడ ఉంది. మందుల కంపెనీలు కానుకలు ఇవ్వడానికి సర్వే అనే ముసుగును కూడా వాడుకున్నాయన్న విమర్శ పాతదే. 2009 డిసెంబరులో మెడికల్ కౌన్సిల్ తన నిబంధనలను సవరించి, కంపెనీల నుంచి బహుమతులు, ప్రయాణ ఖర్చులు, నగదు తీసుకోరాదని డాక్టర్లకు చెప్పింది. దాంతో నిజాయితీగా ఉండాలనుకునే డాక్టరు, ప్రశ్న వెనుక డబ్బు కనిపిస్తే, దాని వెనుక ఎవరున్నారో అని ముందు వెనకాడతాడు. సమాధానం చెప్పకపోవడం కొన్నిసార్లు బద్ధకం కాదు, జాగ్రత్త.

చట్టంతో కట్టడి చేస్తే సరి అనేవాళ్ళకు క్షయ లెక్కలు చూపించాలి. 2012 మే 7న కేంద్రం ప్రతి క్షయ రోగి వివరం ప్రభుత్వానికి తెలపడం ప్రైవేటు డాక్టర్లకూ తప్పనిసరి చేసింది. మరుసటి ఏడు దేశమంతటి ప్రైవేటు రంగం నుంచి వచ్చిన నమోదులు నలభై వేల లోపే. ఆజ్ఞ ఉంది, నిక్షయ్ అనే ఆన్‌లైన్ ఏర్పాటు ఉంది, జవాబు లేదు. 2014 నుంచి ముంబై, పట్నాలో వేరే దారి పట్టారు. డాక్టరు దగ్గరకు ఒక మనిషి పోవడం, పరీక్షలు మందులు రోగికి ఉచితంగా అందేలా చూడటం, ఫారం నింపే పని డాక్టరు నెత్తిన కాకుండా ఆ మనిషే చేయడం. 2018లో చెప్పకపోతే శిక్ష అన్న గెజిట్ వచ్చింది, నమోదుకు ఐదు వందలు, వైద్యం పూర్తయ్యాక మరో ఐదు వందలు డాక్టరుకు ఇచ్చే ఏర్పాటూ వచ్చింది, జీత్ పేరుతో మనుషులను పంపే పథకం చాలా నగరాలకు పాకింది. 2019కి ప్రైవేటు నమోదులు 6 లక్షల 78 వేలు దాటాయి. ఈ పెరుగుదలలో బెదిరింపు వాటా ఎంత, డబ్బు వాటా ఎంత, మనిషి వాటా ఎంత అని విడదీయడం కష్టం, మూడూ ఒకేసారి వచ్చాయి మరి. కానీ ఒట్టి ఆజ్ఞ మాత్రమే ఉన్న మొదటి కాలంలో ఏం జరగలేదో మన ముందే ఉంది.

మరి స్పెషలిస్టు సంగతి? రామన్నపేట లాంటి చోట దీనికి ముందు ఇంకో ప్రశ్న అడగాలి. స్పెషలిస్టు ఉన్నాడా? జాతీయ ప్రమాణాల ప్రకారం సామాజిక ఆరోగ్య కేంద్రంలో సర్జను, ఫిజీషియను, స్త్రీవైద్య నిపుణులు, పిల్లల డాక్టరు ఉండాలి. దేశంలోని గ్రామీణ కేంద్రాల్లో ఈ నలుగురి కొరత దాదాపు 80 శాతమని కేంద్రం ప్రచురించిన 2021–22 లెక్కలే చెప్పాయి. కాబట్టి స్పెషలిస్టులకు పంపిన ఆన్‌లైన్ సర్వేకు తెలంగాణ నుంచి జవాబు వస్తే, అది ఎక్కువగా హైదరాబాదు పెద్దాసుపత్రుల జవాబు. నార్కట్‌పల్లిలో 1999 నుంచి ఒక ప్రైవేటు వైద్య కళాశాల ఉంది, నల్లగొండలో 2019లో ప్రభుత్వ కళాశాల వచ్చింది, అదే ఏడాది బీబీనగర్ ఎయిమ్స్‌లో మొదటి ఎంబీబీఎస్ తరగతి మొదలైంది. రామన్నపేట చుట్టూ ఇన్ని కట్టడాలు లేచినా, సర్వే తన లెక్కలో ఈ ఊరిని హైదరాబాదు కింద కలిపేసుకుంటుంది. ఇక్కడి నుంచి జవాబు రాకపోవడం డాక్టరు మౌనం కాదు, అక్కడ కుర్చీ ఖాళీ అన్న సమాచారం. నివేదికలు దాన్ని స్పందించనివారు అని ఒక్క ముక్కలో రాసేస్తాయి. ఇంటికి తాళం వేసి ఉంటే పిలిచినా పలకలేదని రాసినట్టు.

ఇన్ని వైఫల్యాల తర్వాత, వైద్యులు ఏళ్ళ తరబడి, ఆపకుండా, దేశం నలుమూలల నుంచి జవాబు పంపిన సందర్భం ఒకటి చెప్పాలి. 1997లో కేంద్ర ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి జాతీయ పోలియో నిఘా ప్రాజెక్టు పెట్టాయి. అందులో డాక్టరును పోలియో ఉందా అని అడగలేదు. పదిహేనేళ్ళ లోపు పిల్లల్లో ఉన్నట్టుండి చెయ్యో కాలో వాలిపోయిన కేసు ఏది కనిపించినా చెప్పమన్నారు, కారణం తేల్చే పని మాది అన్నారు. డాక్టరు తన రోగనిర్ధారణను పణంగా పెట్టనక్కర లేదు, తప్పయితే నవ్వులపాలు కానక్కర లేదు. చెప్పిన వెంటనే ఒక వైద్యాధికారి వస్తాడు, పక్షవాతం మొదలైన పద్నాలుగు రోజుల్లోపు ఒక రోజు ఎడంతో రెండు మలం నమూనాలు తీయిస్తాడు. సర్కారు దవాఖానలే కాదు, ప్రైవేటు పిల్లల డాక్టర్లూ ఆ గొలుసులో ఉన్నారు. అన్నిటికంటే తెలివైన నిబంధన మరొకటి: వారంలో ఒక్క కేసూ రాకపోయినా సున్నా అని రాసి పంపాలి. పంపని కేంద్రానికి ఫోను వస్తుంది, ఆ తర్వాత మనిషి వస్తాడు. అలా మౌనానికీ సున్నాకూ తేడా తెలిసింది. 1891 కమిటీ మంచీచెడూ రెండూ రాయమన్న మాటకు ఇది దగ్గరి చుట్టం.

దీనికీ ఒక ఎదురు మాట ఉంది. పోలియోకు అంతర్జాతీయ డబ్బు ఉంది, వందల మంది అధికారులున్నారు, గడువున్న లక్ష్యం ఉంది. ఒక పీజీ విద్యార్థి తన థీసిస్ కోసం చేసే సర్వేకు అవన్నీ ఎక్కడి నుంచి వస్తాయి? రావు. కానీ ఆ విద్యార్థి అయిదు వందల మందికి లింకు పంపే బదులు, తన జిల్లాలో నలభై మంది పేర్లు ముందు రాసుకుని, ఒక్కొక్కరికి ఫోను చేసి, నాలుగే ప్రశ్నలు అడిగి, మూడు నెలల తర్వాత ఫలితాన్ని ఒక పేజీలో వాళ్ళకే తిరిగి పంపవచ్చు. దీనికి కావలసింది బస్సు చార్జీ, ఓపిక. ఫ్లోరైడు విషయంలో ఇప్పుడు నల్లగొండకూ యాదాద్రికీ కావలసిందీ అలాంటిదే. చౌటుప్పల్‌లో 2015లో పైలాన్ వేసిన మిషన్ భగీరథ ఊరూరికీ కృష్ణా, గోదావరి నీళ్ళు తెచ్చాక, ఫ్లోరైడు నీళ్ళ ఆవాసాలు తెలంగాణలో లేవని 2020లో కేంద్రమే చెప్పింది. అది నీటి లెక్క. పాత నీళ్ళతో వంగిన ఎముకలు కొత్త నీళ్ళతో నిటారు కావు, ఆ మనుషులు ఇంకా దవాఖాన వరసల్లో నిలబడుతూనే ఉన్నారు. వాళ్ళు ఎందరో తెలియాలంటే మళ్ళీ డాక్టర్లనే అడగాలి.

దేశంలో సహజ పోలియో వైరస్ వల్ల వచ్చిన చివరి కేసు 2011 జనవరి 13న హౌరాలో నమోదైంది. 2014 మార్చి 27న మనతో సహా ఆగ్నేయాసియా ప్రాంతానికి పోలియో లేదన్న పత్రం ఇచ్చారు. ఆ వారపు కాగితాలు ఆగలేదు. జబ్బు పోయి ఇన్నేళ్ళయినా, దవాఖానల నుంచి వారం వారం వెళ్ళే ఆ ఫారాల్లో డాక్టర్లు సున్నా రాసి సంతకం పెట్టి పంపుతూనే ఉన్నారు.